పైలట్ మామ, తొప్పూరు గుండు

“గుండు! పాపా, గుండు పడింది! రోడ్డు నడిమధ్యన గుండు!” అని మా పైలట్ అరుస్తుండగా కరెంటు పోయింది.

హెలికాప్టర్ ఆగిపోయింది. అంటే, టేబుల్ ఫ్యాను ఆగిపోయింది. దాని రెక్కలకు తగిలేలా జాలీకి కట్టిన పాత ఎక్స్‌రే ఫిల్ము ముక్క టప్ టప్ అని రెండు దెబ్బలు కొట్టి ఊరుకుంది. నా చేతిలో మైకు. బల్ల మీద స్పీకర్ ఆన్ చేసిన సెల్‌ఫోను. అందులో మామ ఇంకా గొంతు చించుకుంటున్నాడు, “పాపా, ఉండావా? ఇనిపిస్తా ఉండాదా?” అని.

నాకు బాగానే వినిపిస్తోంది. ఊరికి మాత్రం వినిపించడం మానేసింది. ఊరు విన్నది మొత్తం ఇంతే: హెలికాప్టర్ మోత, అందులోంచి పైలట్ “గుండు, గుండు” అని పెట్టిన కేకలు, ఆ తర్వాత గప్‌చిప్.

ఇది చదివే మీకు గుండంటే కొండ మీది పెద్ద రాయి. తిరుపతిలో చేయించుకునేది ఇంకో రకం. మా ఇళ్లలోనూ అంతే. కానీ మా ఇళ్లు ధర్మపురిలో ఉన్నాయి. గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం. తమిళంలో గుండంటే బాంబు.

కెమెరా, ఎడిటింగు, కింద పరుగెత్తే స్క్రోలింగు, అన్నీ ఒక్కతే చూసే అక్క తమిళావిడ. చీకట్లో ఫోను లైటు వేసి నా మొహం మీద పెట్టింది. ఆమె తమిళంలో అడిగింది, నేను తమిళంలోనే చెప్పాను.

“గుండా? ఎవరు పెట్టారు?”

“ఎవరూ పెట్టలేదక్కా. కొండ మీద నుంచి దొర్లింది.”

“గుండు దొర్లుతుందా?”

“వానకి మట్టి కరిగిపోయింటుంది, దొర్లదా మరి?”

అక్క నన్ను కాసేపు చూసింది. భయంతో నాకు మతి పోయిందనుకుంది పాపం.

ఛానల్ పెట్టాలని, మైకు పట్టుకోవాలని ఉబలాటపడే చెల్లెళ్లూ తమ్ముళ్లూ, మీ కోసమే ఇదంతా రాస్తున్నాను. పాతికేళ్లకే రిటైరైనదాన్ని, నా అనుభవం మీకు పనికిరావాలి కదా.

బస్టాండు పక్క సందులో మేడ మీద రెండు గదులు, అదే మా కేబుల్ ఛానల్. ఒక గదిలో ఓనరన్న, ఇంకో గదిలో మిగతా ప్రపంచం. విదేశాల్లో హెలికాప్టర్లో తిరుగుతూ ట్రాఫిక్ వార్తలు చెబుతారని ఆయన ఎక్కడో ఫోన్లో చూశాడు. ఆ రోజు నుంచి ఆయన కాళ్లు నేల మీద ఆనలేదు. మా జిల్లాలో ట్రాఫిక్ అంటే ఏముంది? పాలక్కోడు దారిలో గొర్రెల మంద, మారండహళ్ళి నుంచి హోసూరుకు పోయే టమాటా బళ్లు, తొప్పూరు కనుమలో బోల్తాపడిన లారీ. గొర్రెల మందని పై నుంచి చూడకపోతే జిల్లా అభివృద్ధి కాదని ఆయనకు గట్టిగా తోచింది.

నాకు మాత్రం చిన్న అనుమానం. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాడు టీవీ చూడలేడు. టీవీ చూసేవాడు ట్రాఫిక్‌లో ఉండడు. ధైర్యం చేసి అడిగేశాను.

“నువ్వు పదో క్లాసు ఫెయిలే గదా?” అన్నాడు అన్న.

అవును కదా అని ఊరుకున్నాను. పాసైనవాళ్లకు అర్థమయ్యే సంగతి కాబోలు.

హెలికాప్టర్ కొనడం అన్నకు పెద్ద పని కాలేదు. ఎలక్షన్లప్పుడు ఎవరో నాయకుడు కాలేజీ మైదానంలో దిగి వెళ్లిపోతుంటే అక్క తీసిన వీడియో ఉంది. తోక మీది పార్టీ రంగు కనపడకుండా అక్కడ మా ఛానల్ బొమ్మ అంటించాం. అది గాల్లోకి లేస్తుంది, మళ్లీ లేస్తుంది, మళ్లీ లేస్తుంది. దిగడం ఎవరూ చూడలేదు. ఎవరూ అడగలేదు కూడా. మోత కోసం ఫ్యాను. ఎక్స్‌రే ఫిల్ము అక్క ఆలోచన. ముందు అట్టముక్క పెట్టి చూశాం, ఎడ్లబండి చప్పుడు వచ్చింది. ఎక్స్‌రే మాత్రం అచ్చం గాల్లో ఎగిరినట్టే మోగింది. ఎవరి మోకాలో తెలియదు, మంచి మోకాలు.

వార్తలు ఎక్కడి నుంచి? ఆకాశం నుంచే. తొప్పూరు కనుమలో, సేలం వైపు దిగే దారి మలుపులో, మా అమ్మ తమ్ముడికి టీకొట్టు ఉంది. ఆ మలుపులో లారీలకు బ్రేకులు కాలి ఆగిపోవడం, ఆ డ్రైవర్లు టీ తాగడం, మామ బతకడం, ఇదీ వరస. ఆయన ఫోన్ చేసి తెలుగులో చెబుతాడు, నేను ఫ్యాను పక్కన నిలబడి తమిళంలో ఊరికి చెబుతాను. “ఇప్పుడు మనం తొప్పూరు కనుమ మీదుగా ఎగురుతున్నాం, కింద సేలం లారీలు కుడికి తిరుగుతున్నాయి” అని మొదలుపెట్టేటప్పుడు మొదటి వారం నవ్వు ఆపుకోలేకపోయాను. రెండో వారానికి కళ్లు తిరగడం మొదలైంది. ఎత్తు నాకు పడదు.

మామ పైలట్ కావడం ఎవరి తప్పూ కాదు. ఒకరోజు ఫోను స్పీకర్లోనే ఉండిపోయి ఆయన గొంతు కూడా ప్రసారమైపోయింది. అన్న తల పట్టుకున్నాడు. ఈలోగా ఎవరో ప్రేక్షకుడు ఫోన్ చేశాడు, “పైలట్ తెలుగువాడా సార్?” అని. అన్న తల వదిలేసి, “హైదరాబాదు నుంచి రప్పించాం. ట్రెయినింగ్ అయినవాడు” అన్నాడు. అన్న వాళ్లదీ తెలుగిల్లే. కానీ కోపం వస్తే తప్ప ఆయన నోట తెలుగు రాదు. హైదరాబాదు తెలుగంటే మాత్రం గౌరవం. అప్పటి నుంచి మామ గొంతు రోజూ వినిపించాలని ఆర్డరు.

“అట్లయితే నాకు టోపీ గీపీ ఇస్తారా?” అన్నాడు మామ.

“నువ్వు కనిపించవు కదా మామా.”

“కనిపించకపోతే ఏం, నేను పైలట్ అని నాకు తెలియాల గదా!”

ఇప్పుడు మళ్లీ చీకటి గదికి రండి. కరెంటు మా సందుకే పోయింది. ఊళ్లో టీవీలన్నీ వెలుగుతున్నాయి. యూపీఎస్ ఉంది కదా అంటారా? దాని బ్యాటరీ అన్న బావమరిది గృహప్రవేశంలో లైట్లకు వెళ్లి ఇంకా తిరిగి రాలేదు. కరెంటు వచ్చేలోపలే ఊరు తనకు చేతనైన వార్తలు తను చదివేసుకుంది. వాట్సాప్‌లో మొదట “తొప్పూరులో బాంబు” వచ్చింది. తర్వాత “హెలికాప్టర్ మీద బాంబు”. ఆ తర్వాత “హెలికాప్టర్ కూలింది”. ఆఖరికి నా ఫోటో, కింద ఒక దీపం. ఫోటో ఎక్కడ దొరికిందో, చిన్నక్క పెళ్లిలో వడ్డిస్తున్నప్పటిది. చేతిలో సాంబారు గరిటె ఉంది.

సోగత్తూరులో మా ఇంటి ముందు ఆడవాళ్లు చేరిపోయి ఏడుపు మొదలుపెట్టారట. అమ్మ ఫోన్ చేసింది.

“ఏమే, నువ్వు సచ్చిపోయినావా?”

“లేదుమా.”

“అదే చెప్తా ఉండాను నేను. పొద్దున సద్ది కట్టి టౌన్ బస్సు ఎక్కించినాను, హెలికాప్టర్ ఏందే అంటే, పాపం తల్లికి ఏమీ తెలీదని నన్నే పట్టుకొని ఏడుస్తా ఉండారు. నువ్వొకసారి మాట్లాడు.”

మాట్లాడాను. “ఆస్పత్రి నుంచి మాట్లాడతా ఉండాది” అన్నారట.

నవ్వుకుంటూ ఫోను పెట్టేసరికి మామ మళ్లీ లైన్లోకి వచ్చాడు. ఈసారి అరవడం లేదు. అందుకే నాకు భయం వేసింది.

“పాపా, ఎవరూ రావడంలేదు.”

ఆయన చెప్పింది ఇదీ. రాత్రి కురిసిన వానకు కొండ చరియ జారి, ఇంటి గుమ్మమంత రాయి వచ్చి మలుపు అవతల పడింది. పై నుంచి దిగే లారీకి మలుపు తిరిగితే గానీ అది కనపడదు. తిరిగాక బ్రేకు వేసినా ఆగే చోటు లేదు. మామ ఎర్ర తువ్వాలు పట్టుకుని మలుపుకు పైన రోడ్డు మీద నిలబడ్డాడు. వచ్చిన బండినల్లా అది ఊపి ఊపి ఆపుతున్నాడు. కనుమ కింద క్రేను ఉంది. క్రేను పైకి వస్తే క్షణాల్లో పని. కానీ బాంబు అని తెలిశాక క్రేను డ్రైవరు పైకి రానంటున్నాడు. సేలం నుంచి బాంబులు తీసేవాళ్లు రావాలట. ఊరి వైపు నుంచి బయలుదేరిన పోలీసు జీపేమో రోడ్డు వదిలేసి, కూలిన హెలికాప్టర్‌ను వెతకడానికి అడవిలోకి పోయింది.

“నువ్వు తమిళంలో చెప్పలేదా మామా, పారై పడింది, రాయి పడింది అని?”

“చెప్పకుండా ఉంటానా? క్రేనోడికి ఫోన్ చేసి పారై అని మొత్తుకొంటి. టీవీలో పైలటే గుండు అన్నాడు, నువ్వు టీ కాచేవాడివి, నీకేం తెలుసు అంటా ఉండాడు.”

“ఆ పైలట్ నువ్వే కదా!”

“అదీ చెప్తిని. రాయి లోపల గుండు ఉంటే ఏం చేసేది అంటా ఉండాడు పాపా. సిమెంటు లారీ ఒకటి వస్తా ఉండాది, ఉండు...”

ఫోన్లో హారన్ మోత, మామ కేక, టైర్ల కీచుమనే చప్పుడు. తర్వాత ఏమీ లేదు. నేను “మామా, మామా” అంటున్నాను. చాలాసేపటికి దగ్గు వినిపించింది.

“ఆగినాడు. నాకు జానెడు దూరంలో ఆగినాడు. నేను కాలవలో పడినాను, మోకాలు గీచుకుపోయింది, అంతే. పాపా, ఇంకొకడు ఇట్ల వస్తే నా వల్ల కాదు. సీక్కిరం, తొందరగా ఏదో ఒకటి చెయ్.”

కరెంటు వచ్చింది. ఫ్యాను దానంతటదే తిరగడం మొదలుపెట్టింది, టపటపమని, ఏమీ జరగనట్టు.

అన్న గదిలోకి పరుగెత్తాను. ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటున్నాడు. ఆ సాయంత్రం వ్యాపారుల సంఘం వాళ్లు ఆయనకు శాలువా కప్పుతున్నారు. దేనికంటారా? ఆకాశం నుంచి వార్తలు తెచ్చినందుకు.

“అన్నా, అది బాంబు కాదు, రాయి అని చెప్పాల. ఇప్పుడే.”

“చెప్పు. హెలికాప్టర్ క్షేమంగా దిగింది, పైలట్ దగ్గరికి పోయి చూశాడు, రాయేనని తేల్చాడు. అంతే కదా, దీనికెందుకు దిగులు?” అని తమిళంలో చల్లగా అన్నాడు.

మనిషి మునిగిపోతున్నా తడవకూడదంటే ఎలా? అయినా మామ కోసం అదీ చదివాను. ఫ్యాను పక్కన నిలబడి, “మన హెలికాప్టర్ క్షేమం, అది రాయి మాత్రమే” అని. నా గొంతు విని సోగత్తూరులో ఎవరైనా ఏడుపు ఆపారేమో తెలియదు. క్రేను మాత్రం కదల్లేదు. మాటలు ముగించానో లేదో టౌను నుంచి ఎస్సై ఫోన్ చేశాడు. తమిళంలో, చాలా మర్యాదగా.

“సంతోషం అమ్మా, బతికారు. హెలికాప్టర్ ఎక్కడ దిగింది?”

ఫోనుతోనే అన్న గదిలోకి వెళ్లి ఆయన వైపు చూశాను. అన్న గోడ వైపు చూశాడు.

“మావాళ్లు అడవిలో వెతుకుతున్నారు. ఎక్కడ దిగిందో చెబితే వెనక్కి పిలుస్తాను. లేదా ఒక పని చేయండి, ఇంకోసారి పైకి లేచి ఆ రాయికి వైర్లేమైనా ఉన్నాయేమో చూసి చెప్పండి. పైలట్‌కు ఫోను ఇవ్వండి, నేనే మాట్లాడతాను.”

ఇస్తాను సార్, ఆయన మోకాలు తుడుచుకుని లైన్లోకి వస్తాడు, అందామనుకున్నాను. ఫోను మ్యూట్‌లో పెట్టి అన్నతో అన్నాను, “హెలికాప్టర్ లేదని చెప్పేస్తాను.”

అప్పుడు వచ్చింది ఆయనకు తెలుగు.

“పైత్తియమా నీకు? సాయంత్రం శాలువా కప్పేదానికి ఊరంతా వస్తా ఉండారు! ఇన్నాళ్లు ఫ్యాను తిప్పినామని చెప్తావా? నా పరువు ఏం గావాల?”

“మా మామ ఏం గావాల?”

“మీ మామకి ఏమయిందిప్పుడు? తువ్వాలు ఊపేదానికి చెయ్యి నొస్తుందా?”

తిట్టాలంటే తిట్లన్నీ ఒకేసారి గుమ్మంలో ఇరుక్కున్నాయి. నేను తిరిగి గదిలోకి వచ్చేసరికి అక్క కుర్చీ ఎక్కి కెమెరా తిప్పుతోంది. తెలుగు రాదు కదా ఆమెకు, ఒక్క ముక్కా అర్థం కాలేదు. అయినా అడిగింది, “లైవ్‌లోకి పోదామా?”

“ఉద్యోగం పోతుందక్కా.”

“ఇద్దరం పోతే తోడుగా ఉంటుంది” అంది, మొహంలో ఏమీ లేకుండా.

ఇన్నాళ్లలో మొదటిసారి నా మొహం తెర మీదకు వచ్చింది. జడ చెదిరిపోయి, మొహమంతా చెమట, హెలికాప్టర్ ప్రమాదం నుంచి బయటపడ్డదానిలాగే ఉన్నాను. తమిళంలో చెప్పాను. “నమస్కారం. నేను చావలేదు. చావడానికి హెలికాప్టర్ కావాలి, మా దగ్గర లేదు. ఇదిగో, ఇదే మా హెలికాప్టర్.” అక్క కెమెరాను ఫ్యాను వైపు తిప్పింది. నేను ఫ్యాను ఆపాను. మోత ఆగింది. మళ్లీ వేశాను. మోత మొదలైంది. “మా పైలట్ మా మామ. తొప్పూరు కనుమలో టీ అమ్ముతాడు. మా ఇంట్లో గుండు అంటే రాయి. ఆయన చెప్పింది రాయి. పడింది రాయి. ఆయన ఇప్పుడు ఆ రాయి దగ్గర ఒక్కడే నిలబడి మీ బళ్లు ఆపుతున్నాడు. క్రేనన్నా, మీరు చూస్తుంటే దయచేసి పైకి వెళ్లండి. ఆయన చేతి టీ మీరు రోజూ తాగుతారు.”

అన్న పరుగెత్తుకొచ్చి కెమెరాకు అడ్డంగా నిలబడ్డాడు. ఊరంతా ఆయన ఇస్త్రీ చొక్కా బొత్తాలు దగ్గరగా చూసింది. అక్క తాపీగా కూర్చుని స్క్రోలింగు టైపు చేసింది. ఆయన పొట్ట కింద తమిళ అక్షరాలు పరుగెత్తాయి: హెలికాప్టర్ లేదు. బాంబు లేదు. రాయి ఉంది.

మ్యూట్‌లో పెట్టిన ఎస్సై ఇంకా లైన్లోనే ఉన్నాడని అప్పుడు గుర్తొచ్చింది. ఫోను తీశాను. అవతల టీవీలో మా ఛానలే మోగుతోంది. తర్వాత, “ఫ్యానా?” అన్నాడు.

“అవును సార్.”

“నా కొడుక్కి పైలట్ కావాలని ఆశ పుట్టింది మీ ప్రోగ్రాం చూసే.” ఫోను పెట్టేశాడు. కానీ అడవిలోని జీపు మాత్రం అక్కడి నుంచి నేరుగా మలుపు పైకి వెళ్లి బళ్లను ఆపింది. క్రేను కూడా కనుమ ఎక్కింది. డ్రైవరు దిగి రాయిని చుట్టూ తిరిగి చూసి, ఒకసారి కాలితో తన్ని, మామతో అన్నాడట, “రాయే కదా, ముందే చెప్పొచ్చు కదా?”

మామ ఏమన్నాడో ఇక్కడ రాయలేను. మీరు చిన్నవాళ్లు.

మేడ కింద సందు నిండా జనం చేరారు. కొట్టడానికి వచ్చారనుకున్నాం. ఫ్యాను చూడ్డానికి వచ్చారు. ఒకావిడ తన మనవణ్ణి ఎత్తుకుని, “చూడరా హెలికాప్టర్” అని చూపించింది. అన్న మాత్రం నాతో, “రేపటి నుంచి రావద్దు” అన్నాడు. అక్కను ఏమీ అనలేదు. ఆమె పోతే కెమెరా ఆన్ చేయడం ఎవరికీ తెలియదు మరి. సాయంత్రం ఆయన శాలువాకు వెళ్లాడు. బాంబు పుకారు వస్తే జనం ఎలా నడుచుకోవాలో నేర్పడానికే మేం ఇదంతా చేశామని మైకులో చెప్పాడట. శాలువా కప్పారు. చప్పట్లు కూడా కొట్టారట. ఈ పనిలో పైకి రావాలనుకునే చెల్లెళ్లూ తమ్ముళ్లూ, మీరు ఆయన దగ్గర నేర్చుకోండి, నా దగ్గర కాదు.

మర్నాడు పొద్దున్నే సేలం బస్సెక్కి తొప్పూరులో దిగాను. ఉద్యోగం లేదు కదా, తీరిక. మామ మోకాలికి కట్టుతో టీ వడబోస్తున్నాడు. గ్లాసు పట్టుకుని మలుపు దాకా నడిచాను. రాయిని పక్కకు నెట్టేశారు. దాని మీదికి ఎక్కి, సేలం వైపు దిగే లారీలను చూశాను. చిన్నప్పటి నుంచి ఈ దారిలో ఎన్నిసార్లు పోయినా నిద్రపోతూ పోయినదాన్నే. కళ్లు తెరిచి ఆ మలుపును చూడడం అదే మొదలు.

లారీలు ఒక్కొక్కటే ఎడమకు తిరుగుతున్నాయి.

“మామా, ఇది ఎడమకి తిరుగుతా ఉండాదే! నేను ఇన్నాళ్లు కుడికి, కుడికి అని చెప్తా వచ్చినాను గదా!”

“చెప్దామనే అనుకొంటి పాపా” అన్నాడు మామ టీ వంచుతూ. “మళ్లీ, పై నుంచి చూసేవాళ్లకి అట్ల కనిపిస్తుందేమోలే అని ఊరకుంటి.”

రాయి మీద నుంచి దిగాను. దిగిన డ్రైవర్లకు ఒక్కొక్కరికే టీ గ్లాసు అందిస్తూ, సేలం పోయేవాళ్లు ఎడమకు తిరగాలని చెప్పాను.